అంతరిక్షంలో గాలే లేదు కదా, మరి వ్యోమగాములకి వినికిడి ఎందుకు తగ్గుతుంది?

గుణుపురం నుంచి ఒక తమ్ముడు అడిగాడు. ప్రశ్న క్లుప్తంగా ఇది: "స్పేస్‌లో గాలి లేదు, శబ్దం ప్రయాణించదు అని స్కూల్లో చదువుకున్నాం. మరి నెలల తరబడి స్పేస్ స్టేషన్లో ఉండొచ్చినవాళ్ళకి వినికిడి తగ్గుతుంది అంటున్నారు, అది బరువు లేకపోవడం వల్లా, సౌండ్ వల్లా? అక్కడ సౌండ్ 60, 65 డెసిబెల్సే అని చదివాను. మా నాన్న మిల్లులో 90 దగ్గర ఏళ్ళుగా పనిచేస్తున్నారు, ఆయనకి ఏమీ కాలేదు, మరి వాళ్ళకెందుకు అవుతుంది?"

నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసేవాణ్ణి, రాయగడలో ప్రాక్టీసు. రోజూ చూసేది మిల్లు కార్మికుల్ని, స్టోన్ క్రషర్లలో పనిచేసేవాళ్ళని, రైలింజన్ నడిపేవాళ్ళని, పెళ్ళి బ్యాండువాళ్ళని. నేను చదువుకున్న రోజుల నుంచీ వ్యోమగాముల వినికిడి మీద వచ్చే రిపోర్టులు వదలకుండా చదువుతాను, ఎందుకంటే అక్కడ జరిగేది అర్థమైతే ఇక్కడ నా ముందు కూర్చున్న మనిషి చెవి ఇంకా బాగా అర్థమవుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు సూటిగా జవాబు. ప్రధాన కారణం శబ్దమే. అది మరీ పెద్ద శబ్దమని కాదు, రాత్రీ పగలూ ఆగదు కాబట్టి చెవికి కోలుకునే టైమ్ దొరకదు. ఇప్పటి స్టేషన్లో వచ్చే తేడాలు చాలావరకు చిన్నవి, తాత్కాలికం, కిందికొచ్చాక సర్దుకుంటాయి. పాత రోజుల్లో మాత్రం కొందరికి శాశ్వతంగానే తగ్గింది. యూట్యూబ్‌లో తిరిగే "బరువు లేకపోతే కర్ణభేరి పగిలిపోతుంది" లాంటివి నమ్మొద్దు, అలా ఏమీ జరగదు.

ఇప్పుడు గాలి సంగతి. స్టేషన్ బయట శూన్యం, అది కరెక్టే. లోపల మాత్రం మనం పీల్చే గాలే ఉంటుంది, ఒత్తిడి కూడా ఇక్కడ సముద్ర మట్టం దగ్గర ఉన్నంతే, 14.7 పీఎస్ఐ. అంటే లోపల శబ్దం మన ఇంట్లో ఎలా వినపడుతుందో అలాగే వినపడుతుంది, పైగా అదంతా రేకు గోడల గొట్టం లాంటి గది, కిటికీ తీసి సౌండ్‌ని బయటికి పంపే వీలు లేదు. గాలి తిప్పే ఫ్యాన్లు, నీళ్ళ పంపులు, కార్బన్ డయాక్సైడ్ తీసేసే మెషీన్లు, కంప్యూటర్లని చల్లబరిచే ఫ్యాన్లు, ప్రయోగాల ఫ్రీజర్లు, అన్నీ ఆ గొట్టాల్లోనే మనుషుల పక్కనే నడుస్తుంటాయి.

పడుకునేటప్పుడైనా ఆపొచ్చు కదా అంటారు. ఆపలేరు. మన ఇంట్లో వేడి గాలి పైకి లేస్తుంది, చల్ల గాలి కిందికి దిగుతుంది, గాలి దానంతటదే కదులుతుంది. ఆ పని చేయించేది బరువు. అక్కడ బరువు లేదు కాబట్టి గాలి ఉన్నచోటే ఉండిపోతుంది. నిద్రపోతున్న మనిషి వదిలిన ఊపిరి కూడా మొహం చుట్టూనే పేరుకుంటుంది, మళ్ళీ అదే పీల్చుకుంటాడు, తలనొప్పితో లేస్తాడు. ఫ్యాన్ ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. సో తమ్ముడూ, నీ ప్రశ్నలో "బరువు లేకపోవడమా, సౌండా" అన్న రెండూ వేరువేరు కావు, బరువు లేదు కాబట్టే ఆ ఫ్యాన్లన్నీ ఎప్పటికీ తిరుగుతూ ఉండాలి. కరెంటు పోగానే ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్ ఆగి చెవులు ఒక్కసారి తేలికైనట్టు ఉంటుంది చూడు, ఆ క్షణం వాళ్ళకి ఆర్నెల్లపాటు రాదు.

ఇక 65 డెసిబెల్స్ లెక్క. ఇక్కడే చాలామంది పొరబడతారు కాబట్టి కొంచెం ఆగి చెప్తా. డెసిబెల్ మామూలు కొలత లాంటిది కాదు, 3 పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు అయినట్టు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ ఇచ్చిన సలహా 8 గంటలకి 85 డెసిబెల్స్. 88 అయితే 4 గంటలే, 91 అయితే 2 గంటలే. అదే లెక్క వెనక్కి తిప్పితే 24 గంటలకి సుమారు 80 వస్తుంది, అప్పుడు 65 ఏ మూలకి అనిపిస్తుంది. కానీ ఆ 8 గంటల లెక్క కట్టింది మిగతా 16 గంటలు ఇంటికెళ్ళి కాస్త ప్రశాంతంగా ఉండే మనిషి కోసం. రోజంతా, ఏళ్ళ తరబడి వింటే చెవికి హాని లేని స్థాయి ఎంత అని అమెరికా పర్యావరణ సంస్థ 1974లో లెక్క కట్టినప్పుడు వచ్చింది 70 డెసిబెల్స్. ఇప్పుడు 65కీ 70కీ మధ్య మిగిలింది ఎంత? 5 డెసిబెల్స్. ట్రెడ్‌మిల్ మీద రోజూ పరిగెట్టాలి, లేకపోతే ఎముకలు బలహీనమవుతాయి, ఆ ట్రెడ్‌మిల్ సౌండు, టాయిలెట్ సక్షన్ ఫ్యాను, వాక్యూమ్ క్లీనరు, ఇవన్నీ కలిస్తే ఆ మిగిలింది కూడా కరిగిపోతుంది. సగటు 65 అంటే ఎప్పుడూ 65 అని కాదు.

చెవిలో ఏం జరుగుతుందంటే, లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది, ఒక్కో చెవిలో సుమారు 15 వేల హెయిర్ సెల్స్. శబ్దాన్ని నరానికి అందించేవి అవే. ఎక్కువసేపు శబ్దం పడితే అలిసిపోతాయి, వినికిడి తాత్కాలికంగా తగ్గుతుంది. చైత్ర జాతర రోజుల్లో డీజే ముందు ఎగిరొచ్చిన కుర్రాళ్ళు "చెవిలో గుయ్యిమంటోంది సార్, దిబ్బళ్ళు వేసేశాయి" అని మర్నాడు వస్తారే, అదే. ప్రశాంతంగా ఉంటే చాలావరకు కోలుకుంటాయి. చచ్చిపోయిన సెల్స్ మాత్రం మనిషిలో మళ్ళీ పుట్టవు. ఆగకుండా ఒకే రకం శబ్దంలో ఉంటే మాత్రం కథ ఇంకోలా నడుస్తుంది. వినికిడి మొదటి కొన్ని గంటల నుంచి ఒక రోజు లోపు కొంత తగ్గి, అక్కడ ఆగిపోతుంది. శబ్దం ఉన్నంతకాలం ఆ తగ్గుదల అలాగే ఉంటుంది. మనిషికి మాత్రం తెలీదు, ఎందుకంటే పోల్చుకోడానికి నిశ్శబ్దం లేదు. ఇలా రోజంతా పడ్డ శబ్దం నుంచి కోలుకోడానికి టైమ్ కూడా ఎక్కువ పడుతుంది, ఒక్కోసారి కొన్ని రోజులు.

దీనికి నా దగ్గరున్న కేసుల్లో దగ్గరగా వచ్చేది ఒక పంప్ హౌస్ ఆపరేటర్ది. నాగావళి దగ్గర్లో పని, ఉండేది కూడా అక్కడే, మోటార్ గదికి గోడ అవతల ఒక చిన్న గది, మంచం ఆ గోడకే ఆనించి ఉంటుంది. భార్యాపిల్లలు ఊళ్ళో. డ్యూటీలో మోటార్ల పక్కన, డ్యూటీ అయ్యాక మోటార్ల వెనక. ఆయన వచ్చింది వినపడట్లేదని కాదు, నిద్ర పట్టట్లేదని డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఎందుకో అనుమానమొచ్చి నా దగ్గరికి పంపారు. ఆడియోగ్రామ్, అంటే ఏ స్వరం ఎంత వినపడుతోందో చూపే గ్రాఫ్, తీస్తే రెండు చెవుల్లోనూ 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి స్వరాల దగ్గర గుంట, అంటే గ్రాఫ్ అక్కడ కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది. శబ్దం వల్ల దెబ్బతిన్న చెవికి అది సంతకం లాంటిది. సంక్రాంతికి ఊరెళ్ళి రెండు వారాలు ఉండి రమ్మన్నాను, తిరిగి డ్యూటీకి వెళ్ళే ముందు నన్ను కలిసి వెళ్ళమన్నాను. మళ్ళీ తీస్తే ఆ గుంటలో సగానికి పైగా పూడింది. "ఊళ్ళో మొదటి రెండు రాత్రులు అసలు నిద్ర పట్టలేదండి, మరీ నిశ్శబ్దంగా ఉంది" అన్నాడు. మంచం అక్కణ్ణుంచి తీయించి దూరంగా ఇంకో షెడ్డులోకి మార్పించడానికి ఆయన పై ఆఫీసరుకి నేనే ఉత్తరం రాసిచ్చాను. మార్చారు, చాలా నెలల తర్వాత. ఆ సగం మాత్రం అలాగే మిగిలిపోయింది.

పైన కూడా అచ్చం ఇదే చేశారు, అంటే పడక మార్చడం. 1986లో మొదలై 2001లో ముగిసిన రష్యన్ స్టేషన్ మీర్ బాగా రొదగా ఉండేది, అక్కడ ఎక్కువ కాలం ఉన్న కాస్మొనాట్లలో కొందరికి శాశ్వతంగా వినికిడి తగ్గింది. ఇప్పటి అంతర్జాతీయ స్టేషన్ ఐఎస్ఎస్‌లో మనుషులు ఉండటం మొదలైంది 2000 నవంబర్లో, అప్పట్లో ఉండేదీ తినేదీ పడుకునేదీ అంతా జ్వెజ్దా అనే రష్యన్ భాగంలోనే, మొదట్లో అక్కడ సౌండ్ 70 దగ్గర ఉండేది. చాలామంది చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని పడుకున్నారు. తర్వాత ఒక్కొక్కటీ సరిచేస్తూ వచ్చారు: ఫ్యాన్లు బిగించిన చోట అదురు తగ్గించే రబ్బరు మౌంట్లు, గాలి గొట్టాలకి మఫ్లర్లు, మంట అంటుకోని బట్టతో చేసిన సౌండ్ దుప్పట్లు, శబ్దం తక్కువ చేసే కొత్త ఫ్యాన్లు. హార్మొనీ అనే భాగంలో పడుకోడానికి సౌండ్ లోపలికి రాకుండా లైనింగ్ వేసిన చిన్న గదులు పెట్టారు. గదిలో రొద ఎంత ఉండొచ్చో చెప్పే ఎన్‌సీ అనే కొలతలో నాసా పెట్టుకున్న టార్గెట్ పనిచేసే చోట ఎన్‌సీ-50, పడుకునే చోట ఎన్‌సీ-40, అంటే నిద్ర గది కనీసం ఒక మోస్తరు ఆఫీసు అంత ప్రశాంతంగా ఉండాలని. చెవి కోలుకునేది నిద్రలోనే కాబట్టి పడక గది మీద పెట్టిన ఖర్చుకి ఫలితం ఎక్కువ. ఇది నేను మిల్లు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళకి కూడా చెప్తుంటాను.

సౌండ్ కాకుండా మిగతా కారణాలు కూడా ఉన్నాయి, అవి సహాయక పాత్రలే అని నా అభిప్రాయం. బరువు లేకపోతే ఒంట్లో నీరు కాళ్ళ నుంచి తల వైపు వస్తుంది, మొహం ఉబ్బుతుంది, ముక్కు బిగుసుకుంటుంది, ముక్కునీ చెవినీ కలిపే యూస్టేషియన్ ట్యూబ్ సరిగ్గా తెరుచుకోదు, జలుబు చేసినప్పుడు చెవి దిబ్బడ వేసినట్టు ఉంటుంది. తిరిగొచ్చిన కొందరికి ఎమ్మారైలో చెవి వెనక ఎముక గాలి గదుల్లో నీరు కనపడింది. స్టేషన్ గాలిలో కార్బన్ డయాక్సైడ్ మన బయటి గాలి కంటే సుమారు పది రెట్లు ఎక్కువ ఉంటుంది. వాటన్నిటి వల్ల చెవి శబ్దాన్ని తట్టుకునే శక్తి కొంత తగ్గే అవకాశం ఉందని పరిశోధకులు చూస్తున్నారు.

స్పేస్‌వాక్ మాత్రం వేరే తరహా ఇబ్బంది. అమెరికా సూట్ లోపల ఒత్తిడి 4.3 పీఎస్ఐ మాత్రమే, స్టేషన్లో 14.7. లోపలికి తిరిగొచ్చేటప్పుడు ఒత్తిడి పెరుగుతుంటే విమానం దిగేటప్పుడు చెవులు పట్టేసినట్టే అవుతుంది, హెల్మెట్ ఉంది కాబట్టి చేత్తో ముక్కు మూసుకుని ఊదలేరు, అందుకే హెల్మెట్ లోపలే ముక్కు ఆనించి ఊదడానికి ఒక చిన్న మెత్తటి దిమ్మ పెడతారు. పైగా గంటల తరబడి ప్యూర్ ఆక్సిజన్ పీలుస్తారు, ఆ ఆక్సిజన్ మధ్య చెవిలో చేరి తర్వాత నెమ్మదిగా ఇంకిపోతుంది, దాంతో పని అయిపోయిన చాలాసేపటికి చెవి మళ్ళీ లోపలికి లాగినట్టు ఉండొచ్చు. ఇది వినికిడి నరం దెబ్బ కాదు, సర్దుకుంటుంది. తిరిగొచ్చాక వాళ్ళు తూలుతూ నడవడం కూడా వినికిడికి సంబంధించింది కాదు, లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే భాగం మళ్ళీ బరువుకి అలవాటు పడటం అది.

నాకు బాగా నచ్చే భాగం వాళ్ళు వినికిడిని కొలిచే పద్ధతి. ఎగరక ముందే సౌండ్‌ప్రూఫ్ గదిలో ఆడియోగ్రామ్ తీస్తారు, అది బేస్‌లైన్, అంటే తర్వాతి రీడింగులని పోల్చుకోడానికి మొదటి కొలత. పైకెళ్ళాక కొన్ని వారాలకోసారి వ్యోమగామి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చెవిలోకి దూరే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన పరీక్ష తనే చేసుకుంటాడు, బీప్ వినపడినప్పుడు నొక్కాలి. జేబులో పట్టే డోసీమీటర్ వేసుకుని తిరుగుతారు, రోజంతా చెవికి ఎంత సౌండ్ పడిందో అది లెక్క కడుతుంది. 2019లో లూకా పర్మిటానో అనే ఇటలీ వ్యోమగామి ఇంకో పరీక్ష కూడా చేసుకున్నాడు, మనిషి నొక్కక్కర్లేదు, హెయిర్ సెల్స్ బాగుంటే చెవే తిరిగి ఒక సన్నటి శబ్దం చేస్తుంది, దాన్ని మైకుతో పట్టుకుంటారు. మన దగ్గర పుట్టిన పిల్లలకి చేసే ఓఏఈ పరీక్ష కూడా ఈ కుటుంబానిదే. ఆడియోగ్రామ్‌లో తేడా రాకముందే అలిసిన సెల్స్ దీంట్లో పట్టుబడే అవకాశం ఉంటుంది.

రొదలో కూర్చుని వినికిడి కొలవడం ఎంత కష్టమో నాకు తెలుసు. బిస్సం కటక్ వైపు ఒక స్కూల్లో క్యాంపు పెట్టినప్పుడు కరెంటు లేదు, బయట జెనరేటర్ వేశారు. వరసగా వచ్చినవాళ్ళందరికీ 250, 500 హెర్ట్జ్ దగ్గర వినికిడి తక్కువ వస్తోంది, 4000 దగ్గర మాత్రం శుభ్రంగా ఉంది. ఊరందరికీ ఒకే జబ్బు ఎలా వస్తుంది, జెనరేటర్ బరువైన గొంతు ఆ చిన్న బీపుల్ని మింగేస్తోంది. జెనరేటర్ ఆపించి, చెవి లోపల దూరే ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్లు పెట్టి మళ్ళీ తీస్తే అందరికీ బానే ఉంది. స్టేషన్లో ఫ్యాన్ల హోరు కూడా బరువైన సౌండే, అందుకే అక్కడా తక్కువ ఫ్రీక్వెన్సీ రీడింగులని జాగ్రత్తగా చదవాలి, లేకపోతే ఫ్యాన్ చేసిన పనికి చెవి మీద నింద పడుతుంది.

2025లో శుభాంశు శుక్లా అక్కడ 18 రోజులు ఉండొచ్చాడు. సునీతా విలియమ్స్ వారం పది రోజులకని వెళ్ళి 286 రోజులకి తిరిగొచ్చింది. ఈ రెండు ప్రయాణాలూ చెవికి ఒకటి కావు. అంగారకుడి దాకా వెళ్ళి రావడమంటే రెండున్నర మూడేళ్ళు, వాహనం ఐఎస్ఎస్ కంటే చిన్నది, మెషీన్లకి పడకకి మధ్య దూరం ఇంకా తక్కువ. అక్కడ వినికిడి తగ్గితే మాట వినపడకపోవడం ఒక్కటే కాదు, ఏ పంపు సౌండు మారిందో, ఎక్కడ గాలి లీకవుతోందో, ఏ అలారం మోగిందో పట్టుకోవడం కూడా చెవి పనే. అందుకే దీన్ని చిన్న విషయంగా తీసిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను.

ఇక మీ నాన్నగారి సంగతి. ఆయనకి ఏమీ కాలేదని నీకెలా తెలుసు, ఆడియోగ్రామ్ తీయించారా? మన దేశంలో ఫ్యాక్టరీ రూల్స్ ప్రకారం 8 గంటలకి 90 డెసిబెల్స్ దాకా పర్మిషన్ ఉంది. నేను ముందు చెప్పిన నియోష్ లెక్కలో 90 అంటే రెండున్నర గంటలకే కోటా అయిపోయినట్టు. చట్టం దాటలేదంటే చెవి బాగుందని కాదు. శబ్దం వల్ల వచ్చే చెవుడు మొదట 4000 దగ్గర మొదలవుతుంది, మామూలు మాటలు చాలావరకు దానికంటే కింద ఉంటాయి, కాబట్టి ఏళ్ళ తరబడి మనిషి "నాకు బానే వినపడుతోంది" అంటాడు, అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే అలా అనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళకి ముందు తెలుస్తుంది. టీవీ సౌండ్ ఎవరు పెంచుతున్నారు, ఫోన్ ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకుంటున్నారా, మగవాళ్ళ గొంతు వినపడి మనవరాలి గొంతు వినపడట్లేదా, నలుగురు మాట్లాడుకునే చోట ఊరికే తలాడిస్తున్నారా, ఇవి చూడు. నా దగ్గరికి వచ్చే మిల్లువాళ్ళలో చాలామందిని తీసుకొచ్చేది వాళ్ళ ఆవిడే.

పరీక్ష ఎప్పుడు చేయించాలంటే వీక్లీ ఆఫ్ తర్వాత, డ్యూటీకి వెళ్ళకముందు, పొద్దున్నే. కనీసం 14 గంటలు సౌండ్‌కి దూరంగా ఉండాలి, షిఫ్ట్ దిగి నేరుగా వచ్చేస్తే తాత్కాలిక అలుపు కూడా లెక్కలోకి వచ్చి తప్పు రిపోర్టు వస్తుంది. ముందు చెవిలో గులిమి ఉందేమో చూపించుకోవాలి. ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ 8000 దాకా చేయమని అడుగు, 3000, 6000 కూడా కలిపి, చాలాచోట్ల వాటిని వదిలేస్తారు, శబ్దం దెబ్బ దాక్కునేది అక్కడే. మాటల పరీక్ష కూడా అడుగు, అది ఆయనకి వచ్చిన భాషలోనే చేయాలి. నా దగ్గర తెలుగు, ఒడియా లిస్టులు వేరుగా ఉన్నాయి, సవర, కువి మాట్లాడేవాళ్ళు వస్తే వాళ్ళ ఇంటివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చేస్తాను. రిపోర్టు కాగితం పారేయొద్దు, అదే ఆయన బేస్‌లైన్, ఏడాదికి మళ్ళీ తీసినప్పుడు పక్కన పెట్టి చూడాలి.

దూది పెట్టుకుంటున్నారంటే అది లెక్కలోకి రాదు, ఆపేది చాలా తక్కువ. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గు చాలు, కానీ పెట్టుకోవడం రావాలి. వేళ్ళతో సన్నగా పుల్లలా నులమాలి, రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవి పై కొసని పైకి వెనక్కి లాగాలి, లోపలికి తోసి అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. సరిగ్గా పడితే తన గొంతు తనకి కుండలోంచి వచ్చినట్టు వినపడుతుంది. బయటికి సగం వేలాడుతూ ఉంటే పెట్టుకోనట్టే లెక్క. వైబ్రేషన్ చూసే పని, మెషీన్ సౌండ్ విని ఫాల్ట్ పట్టే పని అయితే ఆ ప్లగ్గు మరీ అన్నీ ఆపేస్తుంది, అలాంటివాళ్ళకి ఫిల్టర్ ఉన్న కస్టమ్ ప్లగ్గులు వస్తాయి, చెవి అచ్చు తీసుకుని చేస్తారు, ఖరీదు ఎక్కువ గానీ ఏళ్ళు వస్తాయి.

రిపోర్టు వచ్చాక ఫోటో తీసి ఇక్కడే పెట్టు, పేరు కనపడకుండా. ఆయన వయసు, ఏ సెక్షన్‌లో పని, షిఫ్ట్ ఎన్ని గంటలు, చెవిలో గుయ్యిమనడం ఉందా, క్షయకి ఇంజెక్షన్లు ఎప్పుడైనా చేయించుకున్నారా, ఇవి కూడా రాయి, ఎందుకంటే పాత రోజుల్లో ఇచ్చిన కొన్ని టీబీ ఇంజెక్షన్లు కూడా హెయిర్ సెల్స్‌ని దెబ్బతీసేవి, అవి తెలీకుండా గ్రాఫ్ చదివితే నేరమంతా మిల్లు మీదికి పోతుంది. చూసి చెప్తా.